కీ లేని ప్రశ్నలు కావాలి

ప్రతి మార్చిలో పదో తరగతి తెలుగు పరీక్ష అయిపోగానే మా విశాఖలో గాజువాకలోనైనా, మధురవాడలోనైనా పరీక్ష కేంద్రం గేటు బయట వినిపించే ప్రశ్న ఒక్కటే: "చదివినవే వచ్చాయా?" వచ్చాయంటే పేపరు మంచిది. రాలేదంటే పేపరు తయారుచేసినవాళ్లు పిల్లల ఉసురు పోసుకున్నట్టే. సాయంత్రానికి టీవీలో 'పేపర్ ఈజీ' అని వస్తే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ పిల్లకి ఓ కొత్త సంగతి తెలుగులో చదివి అర్థం చేసుకోవడం వచ్చిందా, మనసులో ఉన్నది నలుగురికీ తెలిసేలా రాయడం వచ్చిందా అని ఆ గేటు దగ్గర ఎవరూ అడగరు.

చదివినవే రావాలి, ఒక్కో ప్రశ్నకు ఒక్కటే జవాబుండాలి, ఎవరు దిద్దినా అన్నే మార్కులు పడాలి. మంచి భాషా పరీక్షంటే ఇదేనని మనం నిశ్చయించేసుకున్నాం. తల్లిదండ్రులూ, కాలేజీల యాజమాన్యాలూ, విద్యాశాఖ అధికారులూ, చివరికి మా పంతుళ్లలో చాలామందీ ఈ మాటే అంటారు. ఇది తప్పని, దీనివల్లే పన్నెండేళ్లు తెలుగు చదివిన పిల్లలు బ్యాంకు మేనేజరుకి నాలుగు వాక్యాల అర్జీ రాసుకోలేక పక్కవాళ్ల మొహం చూస్తున్నారని నా వాదన.

ఈ మూడు షరతులూ నూటికి నూరుపాళ్లు నెరవేరిన పరీక్ష మన రాష్ట్రంలో ఒకటుంది. ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా సంస్కృతం. పేరున్న కార్పొరేట్ కాలేజీల్లో చేరే పిల్లలకు తెలుగా, సంస్కృతమా అన్న ప్రశ్నే ఎదురుకాదు. అడ్మిషన్ ఫారంలోనే సంస్కృతం ఖాయమైపోతుంది. ఎందుకంటే అది 'స్కోరింగ్'. వచ్చే ప్రశ్నలు ముందే తెలుసు. జవాబుల్లో చాలా భాగం తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసుకోవచ్చు. ఎవరు దిద్దినా ఒకే మార్కు. నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది తెచ్చుకున్న పిల్లవాడి ముందు ఎన్నడూ చూడని ఒక చిన్న సంస్కృత వాక్యం పెట్టండి. చదవలేడు. ఇందులో పిల్లవాడి తప్పేమీ లేదు. సంస్కృతం తప్పు అసలే లేదు. ఒక మహాభాషను మార్కుల యంత్రంగా మార్చింది ఆ పరీక్ష. మన సమాజం పెట్టుకున్న కొలతల ప్రకారం రాష్ట్రంలోకెల్లా మంచి భాషా పరీక్ష ఇదే అవ్వాలి. కొలత ఎంత తప్పో తెలుసుకోవడానికి ఈ ఒక్క సాక్ష్యం చాలదా?

తెలుగు పేపరు పరిస్థితి మరీ ఇంత దిగజారలేదు. 'అవగాహన-ప్రతిస్పందన', 'వ్యక్తీకరణ-సృజనాత్మకత', 'భాషాంశాలు' అని విభాగాల పేర్లు చక్కగానే ఉన్నాయి. అపరిచిత గద్యం అని ఒకటుంది, లేఖలున్నాయి, కరపత్రాలున్నాయి. కాగితం మీద తీర్చిదిద్దినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ పేర్ల కింద జరిగేదేమిటో చూడాలంటే స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక పూట కూర్చోవాలి. మిత్రుడికి విహారయాత్ర గురించి లేఖ రాయమన్న ప్రశ్ననే తీసుకోండి. "నేనిక్కడ క్షేమం, నీవక్కడ క్షేమమని తలుస్తాను. ఇటీవల మా పాఠశాల తరఫున అరకులోయకు విహారయాత్రకు వెళ్లాము. అచ్చటి ప్రకృతి సౌందర్యం వర్ణనాతీతం. బొర్రా గుహలు చూసి మంత్రముగ్ధులమయ్యాము." కట్ట విప్పితే అదే లేఖ. ఇంకో కట్ట విప్పితే అదే లేఖ, అవే విశేషణాలు, అదే వరసలో. అది గైడులోంచి వచ్చింది. తేదీ, చిరునామా, సంబోధన, విషయం, సంతకం, వేటి మార్కు వాటికుంది కాబట్టి దిద్దేవాళ్లు టిక్కులు పెట్టి కూడిక వేస్తారు. అరకు ఎన్నడూ చూడని జాలారిపేట పిల్ల అరకు గురించి రాస్తుంది. తెల్లారిలేస్తే కళ్లెదుట ఉండే సముద్రం గురించి మాత్రం ఒక్క ముక్క రాయదు. గైడులో సముద్రం లేదు మరి. ఆ పిల్లకు తెలిసినదానికీ, ఆమె రాసేదానికీ మధ్య ఈ పరీక్షే గోడ కట్టింది.

ఇది మా ప్రాంతంలో జరగడం నాకు మరీ బాధ. ఎందుకంటే పిల్లలు పరీక్షలో ఎలాంటి తెలుగు రాయాలన్న పెద్ద పోరాటం నడిచింది ఈ ఉత్తరాంధ్రలోనే. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో ఉత్తర సర్కారు బళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొరకు ఒక సందేహం కలిగింది: జనం మాట్లాడే తెలుగుకీ, బళ్లో పిల్లలు రాసే తెలుగుకీ ఇంత దూరమెందుకు? విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు ఆ సందేహాన్ని ఉద్యమం చేశారు. 1911 ప్రాంతంలో మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో దేశభాషలో సొంతంగా వ్యాసం రాయడం పరీక్షల్లోకి వచ్చేసరికి తగాదా ముదిరింది. ఆ వ్యాసం ఏ శైలిలో ఉండాలి? జయంతి రామయ్య పంతులు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికమే ఉండాలన్నారు. వ్యాసరచనపై వేసిన సంఘం నివేదికను కాదంటూ గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం ఇచ్చారు. అప్పటికి ఓడిపోయారు. మరుసటి ఏడాది నవంబరు 30న కన్నుమూశారు.

మనం గుర్తు చేసుకునేది ఇంతవరకే. ఏటా ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేసి, వాడుక భాష గెలిచిందని చెప్పుకుంటాం. నిజమే, గెలిచింది. పాఠ్యపుస్తకాలు, పత్రికలు, పరిశోధన గ్రంథాలు అన్నీ వాడుక భాషలోకి వచ్చాయి. కానీ ఆ తగాదాలో రెండు ప్రశ్నలుండేవి. ఏ తెలుగు రాయాలన్నది ఒకటి. పిల్లవాడు తన వాక్యం తాను రాయాలన్నది రెండోది. వ్యాసరచన పరీక్ష పెట్టిందే అందుకు. మొదటిది గెలిచి, రెండోదాన్ని చేజేతులా వదిలేశాం. అప్పట్లో పిల్లలు గ్రాంథికంలో బట్టీ పట్టేవారు, ఇప్పుడు వాడుక భాషలో పడుతున్నారు.

అవతలి పక్షం వాదనలో బలమైనది న్యాయం గురించిన మాట. దాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకిష్టం లేదు. "వ్యాసం దిద్దడం దిద్దేవాడి మూడ్‌ని బట్టి ఉంటుంది. ఒకాయన ఎనిమిదేస్తే ఇంకొకాయన అయిదేస్తాడు. అదే బిట్టయితే రాజు కొడుక్కీ, రిక్షావాడి కొడుక్కీ ఒకటే మార్కు" అంటారు. ఎండలో, కరెంటు సరిగా లేని హాల్లో, కట్టలు కట్టలుగా దిద్దే పనిలో పొరపాట్లు జరుగుతాయన్నది వాస్తవం. అయితే మార్కు అందరికీ ఒకేలా పడడం వేరు, పడాల్సినదానికి పడడం వేరు. కాటా ఎంత కచ్చితంగా తూచినా పిల్లాడి ఎత్తు చెప్పలేదు. నాలుగు ఎంపికల్లోంచి 'గుణసంధి' అన్నదాన్ని గుర్తుపట్టిన పిల్లవాడికి సంధి పేరు తెలుసని తేలింది, అంతే. వాడికి తెలుగు వచ్చని తేలలేదు.

పైగా ఆ కచ్చితత్వమైనా నిలిచిందా? పాత పద్ధతిలో పరీక్ష చివరి అరగంటలో విడిగా బిట్ పేపరు ఇచ్చేవారు. ఆ అరగంటలో కిటికీల దగ్గర ఏం జరిగేదో ఆ రోజుల్లో రాసినవాళ్లకీ, ఇన్విజిలేషన్ చేసినవాళ్లకీ తెలుసు. ఒక్క అక్షరంలో ఇమిడే జవాబు చేతివేళ్లతో చెప్పినా అందుతుంది. సొంత మాటల్లో రాసిన పేరాను అలా అందించడం ఎవరి తరం?

ఇక, ఊరి పరీక్ష పనికిరాదు, విదేశీ బ్రాండు అయితేనే గట్టిదన్న నమ్మకం ఒకటి ఈ మధ్య బయల్దేరింది. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం అమెరికాలోని ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి నుంచే టోఫెల్ తర్ఫీదు మొదలుపెట్టింది. టోఫెల్ పుట్టింది 1964లో, అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేరబోయే విదేశీ విద్యార్థుల ఇంగ్లిష్ తెలుసుకోవడానికి. ఆ పనికి అది సరే. బడి పిల్లల కోసం చేసిన టోఫెల్ జూనియర్‌లో వినికిడి, భాషారూపం, పఠనం అని మూడు భాగాలు, ఒక్కోదానికి 42 ప్రశ్నలు, అన్నీ బిట్లే. మొత్తం స్కోరు 600 నుంచి 900 మధ్య. అందులో పిల్ల తన చేత్తో రాయాల్సిన వాక్యం ఒక్కటీ లేదు. 2024లో ప్రభుత్వం మారాక కార్యక్రమం ఆగిపోయింది. దాని మీద అప్పుడు జరిగిన రగడంతా డబ్బు గురించి, రాజకీయం గురించి. అంతకుముందు మాధ్యమం గురించైతే హైకోర్టు దాకా వెళ్లాం. ఇంగ్లిష్ మాధ్యమం తప్పనిసరి చేసిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో కోర్టు కొట్టేసింది కూడా. ఏ భాషలో చదవాలన్నదానిపై ఇంత పోరాడినవాళ్లం, వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలన్నదానిపై మాత్రం నోరు మెదపలేదు.

ఇంకా బాధ కలిగించేది ఉపాధ్యాయ నియామకం. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఎంపికలు నొక్కడమే పరీక్ష. తెలుగు చెప్పబోయే మాస్టారు కూడా ఒక్క పేరా రాసి చూపించనక్కర్లేదు, ఒక్క పద్యం చదివి వినిపించనక్కర్లేదు. అలా వచ్చినవాళ్లలో గొప్ప బోధకులు లేరని అనను, నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. వాళ్ల గొప్పతనాన్ని ఆ పరీక్ష మాత్రం పట్టుకోలేదు.

మరి మంచి పరీక్షంటే ఎలా ఉండాలి? విశాఖ వాళ్లం దీనికోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మాట తప్పితే ప్రాణం మీదికొచ్చే పనులు మన ఊళ్లోనే ఉన్నాయి. 1933 నుంచి ఓడలొచ్చే మన ఇన్నర్ హార్బర్‌లోకి డాల్ఫిన్స్ నోస్ కింద ఆ ఇరుకు కాలువగుండా ఓడను తెచ్చేటప్పుడు పోర్టు పైలట్ ఒక దేశం కెప్టెన్‌తో, ఇంకో యాస టగ్గు సిబ్బందితో ఏకకాలంలో మాట్లాడాలి. ఓడల మధ్య అపార్థాలు రాకూడదని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ప్రామాణిక సంభాషణా వాక్యాలను ఆమోదించింది. అలాగని ఆ వాక్యాలు అప్పజెబితే అధికారి అయిపోరు; మన దేశంలో నౌకాధికారుల యోగ్యతా పరీక్షలో ఎదురుగా కూర్చోబెట్టి అడిగే మౌఖిక పరీక్ష ఉంటుంది. విమాన పైలట్లకూ, కంట్రోలర్లకూ ఉచ్చారణ, వ్యాకరణం, పదసంపద, ధారాళత, గ్రహింపు, ఎదుటివారితో సంభాషణ అని ఆరు కోణాల్లో చూసి ఆరు స్థాయిల్లో ఒకటి ఇస్తారు. నాలుగో స్థాయి వాళ్లు మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షకు రావాల్సిందే. స్టీల్‌ప్లాంటు సంగతీ అంతే. అన్నపూర్ణ ఫర్నేస్ దగ్గర ఎ-షిఫ్టు దిగేవాళ్లు లాగ్‌బుక్‌లో రాసింది బి-షిఫ్టు ఎక్కేవాళ్లకు అర్థం కావాలి. ఏది చేశాం, ఏది మిగిలింది, దేన్ని ముట్టుకోవద్దు. అక్కడ 'వర్ణనాతీతం' అని రాస్తే కుదరదు.

ఈ పనులన్నిటిలో ఉన్నదేమిటి? ఎదుట ఒక మనిషి, ముందెన్నడూ రాని ఒక సందర్భం, చేరాల్సిన ఒక సంగతి. భాషా పరీక్షలో ఉండాల్సిందీ అదే. ఒక నమూనా చూపిస్తాను. హుద్‌హుద్ తుపానును చూసిన ఊరు మనది, 2014 అక్టోబరు 12 ఎవరూ మర్చిపోలేదు. తుపాను ప్రకటన తరహాలో నాలుగు వాక్యాలు ప్రశ్నపత్రంలో ఇద్దాం: "పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర వాయుగుండం వాయవ్య దిశగా పయనించి రాగల 24 గంటల్లో తుపానుగా బలపడే అవకాశం ఉంది. తీరం వెంబడి గంటకు 55 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయి. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. సముద్రంలో ఉన్నవారు తక్షణం తీరానికి చేరుకోవాలి." ఇప్పుడు మూడు పనులు అడుగుదాం. మీ నాన్న బోటు మీద ఉన్నాడు, ఫోను ఒక్క నిమిషమే అందుతుంది, ఏం చెబుతావో రాయి. మీ కాలనీ మైకులో చదవడానికి ప్రకటన రాయి. ఈ ప్రకటనలో జరిగి తీరుతుందని చెప్పినదేది, జరగవచ్చని చెప్పినదేది, విడదీసి చెప్పు.

మొదటిదానికి ఒక పిల్ల ఇలా రాస్తుందనుకోండి: "నాన్నా, తుపానొచ్చీలాగుందంట. ఎక్కడున్నా బేగి ఒడ్డుకొచ్చీ. రేపటికల్లా గాలి పెద్దదైపోద్దంట. వల వదిలీసైనా సరే వచ్చీ." నేనైతే నిండా మార్కులిస్తాను. ముఖ్యమైన కబురు ముందొచ్చింది, గడువు వచ్చింది, చేయాల్సిన పని వచ్చింది, లేనిది కల్పించలేదు, 'లాగుందంట' అనడంలో అవకాశమే తప్ప నిశ్చయం కాదన్న ఎరుక కూడా ఉంది. నాన్నతో మాట్లాడే భాషలో మాట్లాడింది. అదే పిల్ల రెండోదానికి "కాలనీవాసులకు విజ్ఞప్తి" అని ఎత్తుకుని అందరికీ తెలిసే తెలుగులో రాయగలిగితే ఆ పిల్లకు భాష వచ్చు. ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియడం భాషలో సగం. ఇప్పటి పేపర్లో 'బేగి' అన్న మాట కింద ఎర్రగీత పడుతుంది. ఈ ఊరి మనుషుల మాటలతోనే రాచకొండ విశ్వనాథశాస్త్రి గొప్ప కథలు రాశాడు. ఆయన పాత్రలు మాట్లాడే భాష ఇంట్లో మాట్లాడే పిల్లలు మాత్రం పరీక్ష హాల్లో నోరు లేనివాళ్లవుతున్నారు. యాసే రాయమని నేననడం లేదు. దాని చోటు దానికుందని పరీక్ష ఒప్పుకోవాలంటున్నాను.

మూడో పనికి ఒకే సరైన జవాబుంది, చూశారా? కీ ఉన్న ప్రశ్నలన్నీ పనికిరానివని నేననను. ఆ జవాబు దొరకాలంటే చదివి తీరాలి, ముందుగా బట్టీ పట్టి తెచ్చుకోవడం కుదరదు. అభ్యంతరం బిట్ల మీద కాదు, చదవకుండా, రాయకుండా గట్టెక్కించే పరీక్ష మీద.

దిద్దడం ఎలా అంటారా? సంగతి పూర్తిగా చేరిందా, వరస కుదిరిందా, మాట మనిషికి తగినట్టుందా, అర్థం చెడగొట్టే తప్పులున్నాయా అని నాలుగు కోణాలు పెట్టుకుని, నిండా మార్కులు, సగం మార్కులు, తక్కువ మార్కులు వచ్చే నమూనా జవాబులు కొన్ని స్పాట్ మొదటి రోజు టీచర్లందరి చేతా దిద్దించి, తేడాలు మాట్లాడుకోవాలి. ఇద్దరు టీచర్ల మధ్య ఒక మార్కు తేడా వస్తే రానివ్వండి. తేడా ఎక్కువైన చోట మూడోవారు చూస్తారు. ఫిన్‌లాండ్‌లో మాతృభాష తుది పరీక్షలో అసలు బిట్లకు పీట వేయరు. ఇచ్చిన పాఠాలు చదివి విశ్లేషించడం ఒక పేపరు, ఇచ్చిన సామగ్రి ఆధారంగా వ్యాసం రాయడం ఇంకో పేపరు. ముందు బడి టీచరు దిద్దుతారు, ఆపైన బోర్డు నియమించిన పరీక్షకులు దిద్దుతారు. అది చిన్న దేశం, మనకు ఏటా ఆరు లక్షల మంది అంటారు. పిల్లలతో పాటు దిద్దే చేతులూ మనకు ఎక్కువే ఉన్నాయి. లేనిది వాళ్లకిచ్చే సమయం, శిక్షణ, ఒక్కో పేపరుకు దక్కే శ్రద్ధ.

రాతతో పాటు మాట్లాడించి చూసే మౌఖిక పరీక్ష కూడా ఉండాలి. దాన్ని బడికి వదిలేస్తే అందరికీ నిండా మార్కులేసుకుంటారన్న భయం ఉట్టిది కాదు. పదో తరగతిలో ఇరవై అంతర్గత మార్కులు పెడితే జరిగింది అదే, 2019లో వాటిని తీసేయాల్సి వచ్చింది. అందుకే పక్క మండలం టీచరు వచ్చి వినాలి, రికార్డు చేయాలి, కొన్నిటిని పైవాళ్లు మళ్లీ వినాలి. నత్తి ఉన్న పిల్లలకు, వినికిడి లోపం ఉన్న పిల్లలకు వేరే దారి ముందే రాసిపెట్టాలి. తీసేయడం తేలిక కాబట్టి తీసేశాం, కాపలా పెట్టడం కష్టం కాబట్టి పెట్టలేదు.

చివరగా, నాకు అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట: "పేద పిల్లలు దెబ్బతింటారు మాస్టారూ, బట్టీ పట్టయినా గట్టెక్కనివ్వండి." ఈ మాట అనేవాళ్లు పేద పిల్లల మీద ప్రేమతోనే అంటున్నారు. కానీ బట్టీ పరీక్షలో ఎవరు ముందుంటారో చూడండి. స్టడీ అవర్లు, వారం వారం మోడల్ పేపర్లు, ఆల్ ఇన్ వన్‌లు, ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితాలు కొనుక్కోగలిగినవాళ్లు. ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటలో అమ్మ పక్కన నిలబడి బేరమాడే పిల్లకు, ఇంటికొచ్చిన నోటీసు నాన్నకు చదివి వినిపించే పిల్లవాడికి ఉన్న నేర్పు ఆ పరీక్షలో చిల్లిగవ్వ చెయ్యదు. ఆ నేర్పుకు మార్కులు పడే పరీక్ష వాళ్లను ఎలా దెబ్బతీస్తుంది? ముప్పై అయిదు మార్కుల పాస్ గీత అక్కడే ఉంచండి. మొదటి ఏడాది నూటికి ముప్పై మార్కులు చూడని పాఠానికీ, సొంత రాతకూ కేటాయించి, అలాంటి నమూనా ప్రశ్నలను జూన్‌లోనే ప్రతి బడికీ పంపండి. మరుసటి ఏడాది ఆ ముప్పైని యాభై చేయండి. జూన్ నుంచి మార్చి దాకా తరగతి గదిలో ఏం జరగాలో నిర్ణయించేది పాఠ్యప్రణాళిక కాదు, మార్చిలో వచ్చే పేపరు. అందులో విహారయాత్ర లేఖ రాదని తెలిసిన మర్నాడే మా స్టాఫ్‌రూముల్లో గైడ్లు మూసి, ఆ రోజు పేపరు తెరిచి, "ఇది చదివి మీ మాటల్లో చెప్పండి" అనడం మొదలవుతుంది.